గట్టు దిగనివాళ్లు

కాలవ గట్టు రోడ్డు మీద వీరభద్రం దారి ఇవ్వని బండి లేదని భీమవరంలో ఒక ముచ్చట ఉండేది. ఆ రోడ్డు సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేపల చెరువులు, మధ్యలో ఒక్క బండి పట్టే తారు. ఎదురుగా బండి కనబడితే ముందుగా ఎవరు హెడ్‌లైట్లు కొడితే దారి వాళ్లది. రెండోవాడు పక్కనున్న మట్టి మార్జిన్‌లోకి దిగి ఆగాలి. దిగనంటే వాడూ లైట్లు కొడతాడు. అప్పుడు మొదటివాడు ఆలోచించుకోవాలి. ఎక్కడా రాసి లేదు గానీ ఆ గట్టు మీద నడిచే న్యాయం అదే. వీరభద్రం మాత్రం లైట్లు కొట్టిన పాపాన పోలేదు. లారీకి దిగేవాడు, ఆటోకి దిగేవాడు, గడ్డిమోపు కట్టుకొచ్చే సైకిలుకి కూడా దిగి, పైగా నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. జనం అతని పేరులో వీర తీసేసి వట్టి భద్రం అని పిలిచేవాళ్లు.

భద్రం వృత్తికి వకీలు. అందులోనూ వాయిదాల వకీలు. ఎదుటి ప్లీడరు గొంతు పెంచితే చాలు, ఇతను కాగితాలు సర్దుకునేవాడు. భార్య అలివేలు మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. ఊరి చివర, పాత రొయ్యల మేత గోదాములో ఒక మందుల కంపెనీ పెట్టిన ప్రయోగశాలకు ఆమే పెద్ద. ఇద్దరినీ పక్కపక్కన చూసి, ఎవరి మెడలో ఎవరు తాళి కట్టారో అని నవ్వుకునేవాళ్లు లేకపోలేదు. ఆ నవ్వులు అలివేలుకు పట్టేవి కావు. గడ్డిమోపు సైకిలుకి దారి ఇచ్చే మనిషిని ఆమె ఇష్టపడే చేసుకుంది.

అయితే ఒక రోజు భద్రం కోర్టు నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుండిపోయాడు. చెయ్యని దొంగతనం నెత్తిన పడ్డ ఒక వడ్రంగి కేసు ఆ రోజు విచారణకొచ్చింది. సాక్షిని ఒకే ఒక్క ప్రశ్న అడిగితే అబద్ధం బయటపడేది. అడుగుదామని లేచాడు. అవతలి ప్లీడరు బల్ల మీద చరిచాడు, జడ్జీగారు కళ్లద్దాల పైనుంచి చూశారు, భద్రం కూర్చున్నాడు. వడ్రంగి జైలుకెళ్లాడు.

"మాట నోటిదాకా వచ్చింది అలివేలూ. లోపల ఎవరో పట్టుకుని వెనక్కి లాగేశారు," అన్నాడు.

ఆ లాగేది ఎవరో కనిపెట్టడానికి అలివేలు నాలుగేళ్లు పని చేసింది. దానికి ఆమె పెట్టిన పేరు జంకు. భయం వేరు, జంకు వేరు అని కుర్రడాక్టర్లకు పాఠం చెప్పేది. పామును చూసి పరిగెత్తించేది భయం, అది ఉండాలి. నోటిదాకా వచ్చిన మాటను మింగించేది జంకు, అది లేకపోయినా బతకొచ్చు. మెదడులో అది పుట్టే చోటు పట్టుకుంది. చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత యంత్రం పెట్టి, అందులోంచి వెంట్రుక కన్నా సన్నని తీగ లోపలికి పంపింది. జంకు అల పైకి లేవబోతుండగానే గింజ దాన్ని తొక్కేస్తుంది. ఎలకల మీద పని చేసింది. మనుషుల మీద చూడాల్సి వచ్చేసరికి ముందుకొచ్చినవాడు భద్రమే. జంకుతూనే ఒప్పుకున్నాడు.

గింజ పెట్టేముందు అలివేలు ఒక నియమం పెట్టింది. పెట్టుకున్న మనిషి తన నోటితో తీయమంటే తప్ప ఎవరూ తీయకూడదు. కంపెనీవాళ్లు తమకు నచ్చినప్పుడు పెట్టి, నచ్చనప్పుడు పీకి, మనుషులతో ఆడుకోకూడదని ఆమె ఉద్దేశం. పైగా తీసే పని మనిషి కదలకుండా పడుకుంటేనే అవుతుంది. బలవంతాన చేస్తే తీగ లోపల కోస్తుంది. ఆ నియమం చూసి ఆమె సహచరుడు సాల్మన్ కూడా మెచ్చుకున్నాడు. లెక్కలవాడు, మెచ్చుకోవడం తక్కువ.

ఇక జంకును కొలవాలి. మనిషికి ప్రమాదం లేకుండా, మాటిమాటికీ జంకు పుట్టించే పని ఏముంటుంది? భీమవరంలో ఆ ప్రశ్నకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. పేకాట పెట్టారు. అందులోనూ పోకర్. ఆ ఆటలో ఒకడు పందెం పెంచితే రెండోవాడికి మూడు దారులు. ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. అంతే పందెం వేసి చూడొచ్చు. లేదా వాడు పెంచినదాని మీద తను ఇంకా పెంచొచ్చు. ఈ మూడోదాన్ని రీరైజ్ అంటారు. చేతిలో మంచి ముక్కలున్నప్పుడు అది ఎవరైనా చేస్తారు. ఏమీ లేకుండా చెయ్యడమే విద్య. నా దగ్గర పులి ఉంది అని కళ్లు, గొంతు, వేళ్లు అన్నీ ఒకే మాట చెప్పాలి. డబ్బుతో ఆడించకూడదని నిబంధన ఉండటంతో బల్ల మీద చింతపిక్కలు పోశారు.

ఎదురాటకు అలివేలు తమ్ముడు సూరిబాబును పిలిచారు. గట్టు రోడ్డు అవతలి కొసన, రేవుపాలెంలో చేపల చెరువులున్న మనిషి. పెళ్లి పందిట్లో ముక్క పట్టాడంటే ముహూర్తం అయిపోయినా లేవడు. బావంటే ప్రాణం, బావని ఏడిపించడమంటే అంతకన్నా ప్రాణం. గింజ పెట్టకముందు ఆడిన ఆటలో భద్రం చేతిలో రెండు రాజులు పెట్టుకుని, సూరిబాబు ఒక్కసారి పెంచేసరికి పారేశాడు. సూరిబాబు ఆ రాజులు తిరగేసి చూసి, "మా అక్క నిన్నెలా ఒప్పుకుంది బావా," అని పడిపడి నవ్వాడు. భద్రమూ నవ్వాడు.

గింజ పెట్టాక ఆడిన మొదటి ఆట అలివేలు జీవితంలో మరిచిపోలేదు. సూరిబాబు పెంచాడు. భద్రం తన ముక్కలు ఒకసారి చూసుకుని, చల్లగా ఇంకో గుప్పెడు పిక్కలు ముందుకు తోశాడు. సూరిబాబు బావ కళ్లలోకి చూశాడు, కుత్తిక చూశాడు, వేళ్లు చూశాడు. మళ్లీ పెంచాడు. భద్రం దాని మీద మళ్లీ పెంచాడు. సాల్మన్ ముందున్న తెర మీద జంకు గీత చిన్నగా లేవబోయి, ఎవరో అరచేత్తో అదిమినట్టు పడిపోయింది. సూరిబాబు చెమట తుడుచుకుని ముక్కలు పారేశాడు. అప్పుడు భద్రం తనవి తిరగేశాడు. కళావరు ఏడు, ఆఠీను రెండు. అంతకన్నా పనికిరాని ముక్కలు పేకలో లేవు. అలివేలుకు కళ్లనీళ్లొచ్చాయి. మొగుడి గెలుపుకో, తన గెలుపుకో ఆమెకే తెలియలేదు.

ఆ తరువాతి రోజులు బంగారం. భద్రం కోర్టులో నోరు విప్పాడు. వడ్రంగి కేసు పైకోర్టుకు తీసుకెళ్లి, సాక్షిని మళ్లీ పిలిపించి, ఆ ఒక్క ప్రశ్నా అడిగి, అతన్ని ఇంటికి తెచ్చాడు. వడ్రంగి పెళ్లాం వచ్చి అలివేలు చేతులు కళ్లకద్దుకుంది. ఊళ్లో పేరుకు మళ్లీ వీర వచ్చి చేరింది. ఒక సాయంత్రం గట్టు రోడ్డు మీద ఎదురుగా ఒక కారు లైట్లు కొడితే, భద్రం మార్జిన్‌లోకి దిగకుండా తనూ కొట్టాడు. అవతలివాడు దిగాడు. పక్కన కూర్చున్న అలివేలు లోపల పొంగిపోయింది. ఆ పొంగు తలుచుకుంటే తరువాత రోజుల్లో ఆమెకు ఒళ్లు మండేది.

ఎందుకంటే భద్రం ఆ తరువాత ఎవరికీ దిగలేదు. పక్కింటివాళ్ల మురుగు తమ గోడకు తగులుతోందని చెప్పాడు, వాళ్లు చూద్దామన్నారు, ఇతను వాళ్ల గోడ కొట్టిస్తానన్నాడు, వాళ్లు కొట్టించి చూడమన్నారు, మర్నాడు కూలీలొచ్చారు. చక్కెర జబ్బుకు మందు వేసుకోమన్న డాక్టరుతో మాటామాటా పెరిగి మందే మానేశాడు. ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైందన్న మాట కూడా ఎక్కడ మొదలై ఎక్కడ తేలేదో తెలిసేది కాదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెడ్డవాడైపోలేదు, పోనీ అలా అయినా బాగుండేది. ప్రేమగానే ఉండేవాడు, నవ్వుతూనే ఉండేవాడు. కానీ ఎదుటి మనిషి ఒక మెట్టు ఎక్కితే తను రెండెక్కేవాడు. ఎక్కాక దిగడానికి లోపల పట్టి లాగేవాళ్లెవరూ లేరు. ఆ ఇంట్లో ముక్కలు పారేసే పని ఎప్పుడూ అలివేలుదే అయింది.

సూరిబాబు ఊరుకున్నాడా? వారం వారం బావ చేతిలో ఓడి, ఆ మాట చెరువుల మీద పాకి, కూలీలు కూడా వెనక నవ్వుకుంటుంటే అతనికి అన్నం సయించడం మానేసింది. ఒకరోజు ప్రయోగశాలకొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు.

"బావకి పెట్టావు. నాకెందుకు పెట్టవు? మొగుడొక కన్నూ తమ్ముడొక కన్నూ అని చిన్నప్పట్నించీ అమ్మ చెప్పలేదా నీకు? నేనేం పరాయోణ్ణా?"

అలివేలు వద్దనే చెప్పింది. నీకు పుట్టుకతోనే జంకు తక్కువరా, నీకక్కర్లేదని నచ్చజెప్పింది. అతను కదల్లేదు. వద్దంటున్న కొద్దీ ఆమెకే లోపల ఒక ఆశ పుట్టింది. ఇద్దరు జంకులేనివాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఆట ఎలా నడుస్తుందో లోకంలో ఎవరూ చూడలేదు. తమ్ముడి అలక ఒకటి, తన కుతూహలం ఒకటి, రెండూ కలిసి ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాయి. అతనికీ పెట్టింది.

ఆ ఆట చూడ్డానికి ప్రయోగశాలలో అందరూ చేరారు. సూరిబాబు పెంచాడు. భద్రం పెంచాడు. సూరిబాబు దాని మీద పెంచాడు. భద్రం ఇంకా పెంచాడు. ఇద్దరి మొహాల్లోనూ చిన్న నవ్వు, ఇద్దరి చేతులూ స్థిమితంగా ఉన్నాయి. చూస్తుండగానే బల్ల మీద పిక్కలన్నీ మధ్యలో కుప్పపడ్డాయి. ఇంక తోయడానికి ఏమీ లేక ఆగారు. ముక్కలు తిప్పితే ఒకరి దగ్గర ఎనిమిదీ మూడూ, ఇంకొకరి దగ్గర తొమ్మిదీ నాలుగూ. చూసినవాళ్లు కడుపుబ్బ నవ్వారు. మళ్లీ పంచారు. మళ్లీ అంతే. పొద్దుపోయేదాకా ఒక్క ఆటలో కూడా ఎవరూ ముక్కలు పారేయలేదు. పిక్కలు అయిపోవడమే ఆటకు ముగింపు.

అందరూ వెళ్లాక సాల్మన్ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి పిక్కలు డబ్బాలో పోస్తున్నాడు.

"మేడమ్, రీరైజ్ అనేది మన ధైర్యంతో ఆడేది కాదండి. ఎదుటివాడి భయంతో ఆడేది," అన్నాడు. "ఆ బల్ల దగ్గర భయమే లేదు. చింతపిక్కలు కాబట్టి సరిపోయింది."

ఆ మాట అలివేలు విన్నది. విని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఫలితం అంత కొత్తది మరి.

నిద్ర చెడగొట్టింది సుగుణ. సూరిబాబు పెళ్లాం, మాట్లాడితే నెమ్మది, మాట్లాడేదీ తక్కువే. ఆ మనిషి ఒక మధ్యాహ్నం ఆటో కట్టించుకుని వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. చెరువు దగ్గర మోటారు తీగ తెగి నీళ్లలో పడితే, కరెంటు తీసేదాకా ఆగమని కూలీలు మొత్తుకుంటున్నా, సూరిబాబు తడిచేత్తో పట్టుకోబోయాడట. ఆగమన్న కూలీతో పంతం వచ్చిందట. ఎవరో పరిగెత్తి మెయిన్ తీయబట్టి మనిషి దక్కాడు.

"నాకు పిరికి మొగుడైనా ఫర్వాలేదు వదినా. తీసెయ్యండి," అంది సుగుణ. ఏడవలేదు. అడిగింది, అంతే.

ఆ సాయంత్రమే అలివేలు భద్రాన్ని అడిగింది. ముందు మీరు తీయించుకుంటే తమ్ముడూ వింటాడని చెప్పింది. అతను వద్దన్నాడు. బతిమాలింది. ఇంకోసారి అడిగితే ప్రయోగశాల మీదే కేసు వేస్తానన్నాడు. ఆమెకు ఉక్రోషం వచ్చి, ఇలాగైతే నేను ఈ ఇంట్లో ఉండనంది. ఆ మాట పూర్తి కాకముందే జవాబు వచ్చింది.

"వెళ్లు. వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కొద్దు," అన్నాడు భద్రం.

అలివేలు అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. ద్వేషమూ లేదు. ఆమె లేకుండా ఒక్క పూట గడవదని ఆ మనిషికి తెలుసు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. చేతిలో ఏడూ రెండూ పెట్టుకుని పెంచుతున్నాడు. ఇప్పుడు తను పెట్టె సర్దితే పెళ్లి పోతుంది, అతనికి అక్కర్లేకుండానే పోతుంది. పెట్టె సర్దలేదు. వెళ్లి అన్నం వడ్డించింది. అతను హాయిగా తిన్నాడు. ఆ రోజు ఆమెకు మొగుడి మీద కోపం కన్నా జాలే ఎక్కువ కలిగింది.

తమ్ముణ్ణి అడిగితే, ముందు బావని తీయించుకోమను అన్నాడు. భద్రాన్ని అడిగితే, ముందు వాణ్ణి తీయించుకోమను అన్నాడు. ఇలా కొన్నాళ్లు అక్కడికీ ఇక్కడికీ తిరిగి అలివేలు అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒకే క్షణాన మాట తీసుకోవాలని నిశ్చయించుకుంది. అప్పుడు ఎవరూ ముందు తగ్గినట్టు కాదు. కానీ భద్రం బావమరిది గడపకు వెళ్లనన్నాడు. సూరిబాబు అక్క గడపకు రానన్నాడు. ప్రయోగశాలకు రమ్మంటే, ముందు అవతలివాడు రావాలని ఇద్దరూ పట్టుపట్టారు.

ఇక్కడే అలివేలు చెయ్యకూడని పని చేసింది. ఒక ఆదివారం సాయంత్రం భద్రం కాఫీ తాగుతుంటే, మీకు వాళ్లింటికి వచ్చే దమ్ము లేదని సూరి అంటున్నాడని ఒక అబద్ధం ఆడింది. అంతే. కప్పు కింద పెట్టాడు, కారు తాళాలు తీశాడు. అలివేలు పరుగున వెళ్లి పక్కన కూర్చుంది. సుగుణకు ఫోన్ చేసి, మీ అన్నయ్యగారు వస్తున్నారు, తమ్ముణ్ణి ఇల్లు కదలనివ్వకని చెప్పింది. తన ఎత్తు పారినందుకు ఆమెకు సంతోషంగా కూడా ఉంది.

కారు గట్టు ఎక్కేసరికి పొద్దు గూకుతోంది. దాళ్వా పంటకు నీళ్లు వదలడంతో కాలవ నిండుగా ఉంది. గాలి కోసం అలివేలు అద్దం దించుకుంది. అప్పుడు సుగుణ ఫోన్ వచ్చింది.

"వదినా, అన్నయ్యగారు వస్తున్నారని చెప్పాను. బావ వస్తున్నాడని తెలిసీ ఇంట్లో కూర్చుంటే నేను జంకినట్టే కదా, నేనే ఎదురెళ్లి తీసుకొస్తానని మీ తమ్ముడు బయల్దేరిపోయారు. జీపు తీసుకెళ్లారు. ఎంత పట్టుకున్నా ఆగలేదు వదినా."

గట్టు రోడ్డు ఒక్కటే. అలివేలు ఫోన్ పెట్టేసింది. భద్రాన్ని కారు వెనక్కి తిప్పమంది. తిప్పనన్నాడు. పోనీ ఇక్కడే మార్జిన్‌లో ఆపుదాం, వాడు వచ్చి వెళ్లిపోతాడంది. భద్రం ఏదో తమాషా మాట విన్నట్టు నవ్వాడు.

మలుపు తిరగ్గానే దూరంగా రెండు లైట్లు కనబడ్డాయి. అవి ఒకసారి ఆరి వెలిగాయి. భద్రం తనవి ఆర్పి వెలిగించాడు. అవతల మళ్లీ. ఇవతల మళ్లీ. సూరిబాబు పెద్ద లైట్లు వేశాడు. భద్రమూ వేశాడు. సూరిబాబు హారను పట్టుకున్నాడు. భద్రం వేగం పెంచాడు. అవతలి లైట్లూ వేగంగా దగ్గరవడం మొదలైంది. అలివేలుకు గోదాములో బల్ల కనబడింది, పిక్కలన్నీ మధ్యకు వెళ్తున్నాయి.

తమ్ముడికి ఫోన్ చేసింది. మొదటి మోతకే ఎత్తాడు, గొంతు సరదాగా ఉంది.

"సూరీ, నేనున్నానురా ఈ కారులో. నువ్వు దిగరా. నా మాట విను నాయనా."

"బావని దిగమనక్కా. నేనేటి దిగేది? ముందు లైట్లు కొట్టింది నేను."

"ఏవండీ, మీ కాళ్లు పట్టుకుంటాను," అంది భర్తతో.

"వాడు దిగుతాడు అలివేలూ. చూస్తూ ఉండు," అన్నాడు భద్రం, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు.

ఆ రోడ్డు మీద ఆ క్షణంలో జంకు ఉన్న మనిషి ఒక్కతే. ఇద్దరి జంకూ తనే మొయ్యాల్సి వచ్చింది. ఎదర జీపు వెలుతురు తప్ప ఇంకేమీ కనబడనప్పుడు అలివేలు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని తనవైపుకి లాగేసింది. మార్జిన్‌లోకి దింపుదామనే అనుకుంది. ఆ వేగానికి మట్టి ఆపలేదు. జీపు గీసుకుంటూ పక్కనుంచి పోయింది, కారు కాలవలో పడింది.

నీళ్లు అద్దంలోంచి ఒక్కసారిగా మీద పడ్డాయి. భయం ఆమెను కొట్టి, గోకి, బెల్టు విప్పించి, కిటికీలోకి తోసింది. సగం బయటకు వచ్చాక భర్త చొక్కా పట్టుకుని లాగింది. లోపలి దీపం ఇంకా వెలుగుతోంది. ఆ మసక నీళ్లలో భద్రం బెల్టు కూడా విప్పకుండా కూర్చుని స్టీరింగు తిప్పుతున్నాడు. కారును గట్టు ఎక్కిద్దామని చూస్తున్నాడు. ఆమె లాగింది. అతను ఆమె చెయ్యి విదిలించుకుని మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. మొహంలో కంగారు లేదు. భయం వేరు, జంకు వేరు అని ఇన్నేళ్లూ తను చెప్పిన పాఠం తప్పని అలివేలుకు ఆ నీళ్లలో తెలిసింది. రెండూ ఒక్క కుదుట్లోంచే మొలుస్తాయి. ఒకటి పీకితే రెండోది మిగల్లేదు. ఊపిరి బిగబట్టలేక ఆమె చెయ్యి వదిలింది.

గడ్డి పట్టుకుని గట్టు పాకి వచ్చేసరికి సూరిబాబు పైన జీపు పక్కన నిలబడి ఉన్నాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అక్కకు చెయ్యి అందించి పైకి లాగాడు. "బావే దిగాడక్కా," అన్నాడు.

ఆయన లోపలున్నాడురా అని ఆమె అరిస్తే అప్పుడు కాలవ వైపు చూశాడు. చూడగానే దూకాడు, వెనకాముందూ ఆలోచించలేదు. మళ్లీ మళ్లీ మునిగాడు. చివరికి బావను భుజం మీద వేసుకుని తెచ్చాడు. గట్టు మీద పడుకోబెట్టి, తడిసిన జుట్టు నుదుటి మీంచి తీసి, పక్కన కూర్చున్నాడు. అతని చేతులు వణకలేదు. "ఎప్పుడూ ఇంతే, చివర్లో దిగిపోతాడు," అన్నాడు, ముద్దుగా.

దిగింది ఆయన కాదు, నేను అని అలివేలు చెప్పలేదు. ఆ రాత్రి చెప్పలేదు, దహనం రోజున చెప్పలేదు. చెబితే, అయితే ఆట ఇంకా తేలలేదు కదా అంటాడేమోనని ఆమెకు భయం. అప్పుడు గింజ ఎప్పటికీ తీయించుకోడు. సూరిబాబు పాడె మోశాడు, వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించాడు, వంటవాళ్లతో మాట్లాడాడు. చూసినవాళ్లు గుండె నిబ్బరం గల మనిషి అన్నారు. సుగుణ మాత్రం మొగుడి వైపు చూడలేక మొహం తిప్పుకుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు అతనే ప్రయోగశాలకొచ్చాడు. ఎదురాడేవాళ్లు ఎవరున్నారక్కా, ఇంక తీసెయ్యి అన్నాడు. నియమం ఉంది కాబట్టి ఆ మాట రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తీసెయ్యమనే అన్నాడు. సుగుణ గుమ్మం బయట బెంచీ మీద కూర్చుంది.

అలివేలు చేతికి తొడుగులు వేసుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఈ గింజ ఉన్నంతవరకూ తమ్ముడికి ఆ కాలవ ఒక ఆట. తీస్తే అది కాలవ అవుతుంది. ఆగినదంతా ఒక్కసారే వస్తుంది. ఉంచితే వాడు ఇంకో తీగ పట్టుకుంటాడు, ఇంకో బండికి ఎదురెళ్తాడు. సాల్మన్ దీపం దగ్గరకు జరిపాడు. అలివేలు తీసింది. పళ్లెంలో పడితే చప్పుడు కూడా రాలేదు.

సూరిబాబు కళ్లు మూసుకుని ఉన్నాడు. కాసేపు ఏమీ లేదు. తరువాత పాదాలు కదిలాయి, మోకాళ్లు కదిలాయి, బల్ల ఇనుపకాళ్లు నేల మీద టకటకమన్నాయి. తెర మీద గీత లేచింది. లేచి మళ్లీ కింద పడలేదు. కళ్లు తెరిచాడు. మొహం మీద పెద్ద దీపం వెలుగుతోంది. అక్క మణికట్టు దొరకబుచ్చుకుని, చిన్నప్పుడు చెరువులో మొదటిసారి దించితే పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, ఆ లైట్లు బావవేనా?"

అలివేలు అతని నుదుటి మీద చెయ్యి వేసింది.

"నేను దిగుతానక్కా," అన్నాడు సూరిబాబు, పళ్లు టకటకలాడుతుంటే. "జీపు మార్జిన్‌లో పెట్టేత్తాను. నేనే దిగుతాను. బావని రమ్మను."

అలివేలు చెయ్యి చాపి దీపం ఆర్పేసింది. బయట బెంచీ మీంచి సుగుణ లేచి లోపలికి వచ్చి అతని రెండో చెయ్యి పట్టుకుంది. అతను ఆ చీకట్లో బావ కోసం అడుగుతూనే ఉన్నాడు.